కడుపు దాటిన ఎముకలు

సికింద్రాబాద్‌లో పాత ఇళ్లు మిగిలిన ఏ వీధిలోనైనా కనిపించే దృశ్యమే ఇది. మారేడుపల్లి కావచ్చు, బొల్లారం కావచ్చు, తిరుమలగిరి వైపు పాత బ్యారక్‌లు కావచ్చు. ఎత్తైన గోడలో వెంటిలేటర్ విరిగిపోయి ఓ కన్నం మిగిలి ఉంటుంది. కన్నం కింద సున్నం ఒలికినట్టు తెల్లటి చారలు. ఆ చారలు ఆగిన చోట, నేల మీద, బొటనవేలికంటే కాస్త లావుగా బూడిదరంగు ఉండలు నాలుగైదు.

ఊడ్చేవాళ్లు వాటిని పిల్లి పెంట అనుకుని చెత్తబుట్టలో వేసేస్తారు. నిజానికి అది పెంట కాదు, వాసన కూడా పెద్దగా రాదు. గుడ్లగూబ రాత్రి మింగిన ఎలుకల్లో అరగని బొచ్చునీ ఎముకల్నీ ఉండ చుట్టి నోటితోనే బయటికి కక్కేస్తుంది. అప్పుడే పడిన ఉండ నల్లగా, తడిగా, వార్నిష్ పూసినట్టు మెరుస్తుంది. రెండు రోజులు ఎండితే బూడిదరంగుకు తిరుగుతుంది.

ఒక ఉండను గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, తెల్లకాగితం మీద పెట్టి రెండు సూదులతో విప్పితే ముందు బొచ్చు దూదిలా విడిపోతుంది. ఆ తర్వాత అగ్గిపుల్లకంటే సన్నని కాలి ఎముకలు, ఆవగింజలంత వెన్నుపూసలు, చేపముల్లులా వంగిన పక్కటెముకలు వస్తాయి. అన్నిటికంటే ముఖ్యం దవడలు. ఎడమ దవడలు ఒక పక్క, కుడి దవడలు ఒక పక్క పేర్చాలి. ఎడమవి మూడు, కుడివి రెండు దొరికాయనుకోండి, ఆ రాత్రి తక్కువలో తక్కువ మూడు ప్రాణులు ఆ గొంతు దిగినట్టు. లెక్క ఇంతే, ఇందులో మర్మమేమీ లేదు.

పన్ను చూస్తే ఎవరిదో తెలుస్తుంది. ముందుపళ్లు ఉలిలా వంగి, బయటి వైపు నారింజరంగు పూతతో ఉంటే అది ఎలుక జాతి. దవడ పొడవునా సూదిమొనల్లాంటి పళ్లుంటే చుంచు. రాత్రిపూట గోడ వెంట కీచుమంటూ పరుగెత్తే చుంచుకు ఎలుకతో చుట్టరికం లేదు, అది పురుగులు తినే జాతి. దవడ ఎముక మరీ పెద్దదైతే పందికొక్కు పిల్లది. ఇంగ్లీషువాళ్లు వాడే 'బ్యాండికూట్' అన్న మాట మన పందికొక్కే. ఆ పేరు ఓడెక్కి వెళ్లి ఆస్ట్రేలియాలో ఏ సంబంధమూ లేని మరో జంతువుకు కూడా అంటుకుంది. పొలాల్లో ఉండే మెత్తటి బొచ్చు ఎలుక ఒకటుంది. దాన్ని వడ్డెరలు 'మెత్తడె' అంటారని అమరావతి శిల్పాలు తవ్వించిన వాల్టర్ ఎలియట్ రాసిపెట్టాడు. ఆ మాటే ఒక అక్షరం పక్కకు జరిగి 'మెల్టాడా' అనే శాస్త్రనామమై కూర్చుంది. గుడ్లగూబ కక్కిన ఉండలో తెలుగు మాటలు కూడా దొరుకుతాయన్నమాట.

అయితే శాస్త్రవేత్తలు ఈ ఎముకల్ని భూతద్దం కింద పెట్టేది చచ్చిందెవరో తెలుసుకోవడానికి మాత్రమే కాదు. తిన్నదెవరో తేల్చడం వాళ్లకు అంతకంటే పెద్ద పని.

కందనకాయ చేసే పని

కోడిని కొనేవాళ్లకు కందనకాయ గురించి చెప్పక్కర్లేదు. కోడిలో అది గింజల్ని నూరే తిరగలి. గుడ్లగూబకూ కందనకాయ ఉంటుంది గానీ, దాని పని వేరు. మింగిన ఎలుకలోని మాంసం కరిగి కిందికి జారిపోతే, మిగిలిన ఎముకల్నీ బొచ్చునూ కందనకాయ జల్లెడలా ఆపి ఉండగా నొక్కుతుంది. తిన్న ఆరేడు గంటలకో ఇంకాస్త ఆలస్యంగానో ఆ ఉండ వెనక్కి వస్తుంది. ఆ కాసేపూ ఎముకలు ఆమ్లంలో నానుతూ ఉంటాయి.

ఆ ఆమ్లం ఎంత ఘాటు? గుడ్లగూబ కడుపు పీహెచ్ సుమారు 2.35 అని 1970ల్లో కొలిచారు. అంటే దాదాపు నిమ్మరసమంత. పగలు వేటాడే డేగలు, గద్దల కడుపులో అది 1.6 దాకా దిగుతుంది. అంకెల్లో తేడా చిన్నదే గానీ, ఈ కొలతలో 2.35 నుంచి 1.6కు దిగడమంటే పులుపు అయిదు రెట్లు దాటడం. పైగా గుడ్లగూబ చిన్న ఎలుకను తల ముందుగా, ఉన్నదున్నట్టు మింగేస్తుంది. డేగ అలా కాదు. కాలి కింద తొక్కిపెట్టి ముక్కుతో చీల్చి ముక్కముక్కగా తింటుంది. ఒకరి కడుపులో ఎముక నిక్షేపంగా ఉంటే, ఇంకొకరి కడుపులోకి అది విరిగే వెళ్తుంది, వెళ్లాక సగం కరుగుతుంది.

ఈ తేడాల్ని ఓపిగ్గా కూర్చి ఒక కొలబద్దగా మార్చినవాడు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం శాస్త్రవేత్త పీటర్ ఆండ్రూస్. ఇంగ్లండ్‌లోని వెస్ట్‌బరీ గుహలో దొరికిన చిన్న జంతువుల ఎముకలు అక్కడికి ఎలా చేరాయన్నది ఆయన ప్రశ్న. జవాబు కోసం ముందు బతికున్న పక్షుల, జంతువుల ఎంగిలి పోగేశాడు. గుడ్లగూబ ఉండలు, గద్ద ఉండలు, నక్కల పెంటికలు ఒక్కొక్కటీ విప్పి, ఎముక ఎక్కడ విరిగింది, పన్ను ఎక్కడ కరిగింది అని రాసుకున్నాడు. 1990లో 'ఔల్స్, కేవ్స్ అండ్ ఫాసిల్స్' పుస్తకం వచ్చింది. వేటాడే జీవులన్నిటినీ అందులో అయిదు తరగతులు చేశాడు.

మొదటి తరగతిలో ఉన్నది మన ఊరి తెల్ల గుడ్లగూబే. కొందరు చావుపిట్ట అని తిట్టేదీ దీన్నే. అది తిన్న ఎలుకల ముందుపళ్లు నూరు తీసుకుంటే ఆమ్లం తగిలిన గుర్తు కనిపించేది పదింటి మీదో పన్నెండింటి మీదో. అదీ కొన దగ్గర, ఎనామిల్ మీద చిన్న గరుకు. యూరప్‌లో ఉండే పెద్ద కొమ్ముల గుడ్లగూబ దగ్గరికొచ్చేసరికి సగం పళ్ల మీద గుర్తులుంటాయి. అయిదో తరగతిలోని నక్కలాంటి జంతువుల పెంటికల్లో గుర్తు లేని పన్ను వెతికినా దొరకదు. అంచులన్నీ వాడేసిన సబ్బు బిళ్లలా గుండ్రంగా అరిగి, ఎనామిల్ ఊడి, లోపలి డెంటిన్ పొర బయటపడి ఉంటుంది.

ఒకే పన్ను ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఆమ్లం కొనకే తగిలి మొదలు శుభ్రంగా ఉంటే, కడుపులో ఉన్నంతసేపూ ఆ పన్ను దవడలోనే ఉందన్నమాట. మొదలు నుంచి కొన దాకా ఒకే తీరున కరిగితే ముందే దవడ విరిగి పన్ను ఊడిందన్నమాట. అంటే ఆ ప్రాణి పళ్ల కిందో ముక్కు కిందో నలిగింది.

చిక్కులూ ఉన్నాయి. గూట్లో ఉన్న గుడ్లగూబ పిల్లల కడుపు పెద్దవాటికంటే గట్టిగా అరిగిస్తుంది. అందుకే గూటి కింద దొరికిన ఉండల్ని మామూలు ఉండలనుకుని చదివితే ఫలితం తప్పుతుంది. మనకు సంబంధించిన చిక్కు ఇంకొకటుంది. ఆండ్రూస్ కొలబద్దకు ఆధారం ఎక్కువగా యూరప్ పొలాల్లోని వోల్ అనే చిట్టి జంతువు పళ్లు. వాటి దవడపళ్లకు కత్తి అంచుల్లాంటి కోణాలుంటాయి. కోణం కాస్త కరిగినా ఇట్టే తెలిసిపోతుంది. మన ఎలుకల దవడపళ్లు గుండ్రటి బొడిపెలతో ఉంటాయి, వాటి మీద అదే ఆమ్లం వేరే తీరుగా కనిపిస్తుంది. స్పెయిన్ శాస్త్రవేత్త యోలాండా ఫెర్నాండెజ్ హాల్వో, ఆండ్రూస్, మరికొందరు కలిసి 2016లో రాసిన వ్యాసంలో ఈ తేడానే విడమర్చి చెప్పారు. అంటే దక్కన్ ఎముకల్ని చదవాలంటే ఇక్కడి ఉండలే విప్పాలి. చెత్తబుట్టలోకి పోయే ఆ బూడిదరంగు ఉండలకు అంత విలువ ఉంది.

కడుపు తరిచి చూసే పని సికింద్రాబాద్‌కు కొత్తేమీ కాదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడే బేగంపేటలో ఒక దోమ కడుపు కోసి, దాని గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఎవరు ఎవర్ని కుట్టారో, ఎవరు ఎవర్ని తిన్నారో కడుపులో రాసి ఉంటుందని ఈ ఊరు ప్రపంచానికి ఒకసారి చూపించేసింది.

పిల్లి, పాము, మనిషి

గుడ్లగూబ సంగతి సరే, ఎలుకల్ని తినేవాళ్లు ఇంకెంతమంది లేరు! పిల్లి పట్టిన ఎలుక ఎముకలు నమిలి, విరిగి, కొన్నింటి మీద కోరపన్ను దిగిన గుంట పడి ఉంటాయి. ముంగిస, పాత ఇళ్ల అటకల మీద కాపురముండే మానుపిల్లి కూడా అంతే. అవి ఉండలు కక్కవు. ఎముక పేగులన్నీ తిరిగి పెంటికలో బయటపడుతుంది. అంత దూరం ప్రయాణించాక దాని విరిగిన అంచులు ఏటిలోని గులకరాయిలా నునుపెక్కుతాయి. పాము దగ్గర కథే వేరు. నాగుపాము, జెర్రిపోతు ఎలుకను నమలకుండానే మింగుతాయి. అయినా రోజుల తరబడి సాగే అరుగుదలలో ఎముక దాదాపు ఆనవాలు లేకుండా కరిగిపోతుంది. చివరికి పెంటలో కనబడేది బొచ్చు, గోళ్లు, అక్కడక్కడ ఓ పన్ను. అందుకే తవ్వకాల్లో పాము తన గుర్తు దాదాపుగా వదలదు. ఎన్ని ఎలుకలు దాని పొట్టన పోయాయో ఏ గుహా చెప్పలేదు.

మరి మనిషి తింటే? అమెరికాలో బ్రయాన్ క్రాండల్, పీటర్ స్టాల్ అనే ఇద్దరు ఈ ప్రశ్నను నిజంగానే పరీక్షించారు. ఒక చుంచు తోలు తీసి, పేగులు తీసి, కాస్త ఉడకబెట్టి, నమలకుండా మింగించారు. ఆ తర్వాత మూడు రోజులు ఏం చేశారో విడమర్చి చెప్పక్కర్లేదు. లోపలికి పోయిన ఎముకలు 131, తిరిగి దొరికినవి 28. నమలకుండా మింగితేనే ఇంత నష్టం. 1995లో వచ్చిన ఈ వ్యాసానికి 2013లో, నవ్వించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చి అందరూ నవ్వారు. నవ్వొచ్చేదే. కానీ ఆదిమానవుల పొయ్యిల దగ్గర చిన్న ఎముకలు తక్కువగా దొరికితే 'వాళ్లు ఎలుకలు తినేవారు కాదు' అని తీర్పు చెప్పే ముందు తలుచుకోవాల్సిన అంకె అది.

పెళ్లిలో ఎత్తిన విస్తరి చూసి అక్కడ కూర్చున్నది ఎవరో వడ్డించేవాళ్లు చెప్పేస్తారు. మునక్కాడ పిప్పి పిప్పిగా నమిలి ఉంటే వయసులో ఉన్నవారు, ముక్క ముట్టకుండా పక్కకు నెట్టి ఉంటే పళ్లు లేని పెద్దాయనో, మారాం చేసే పిల్లాడో. విస్తరిలో మిగిలిన కూరల్ని బట్టి ఊళ్లో పండే కూరగాయలన్నీ ఇవేనని ఎవరూ లెక్కకట్టరు. పాత ఎముకల విషయంలో మాత్రం చాలాకాలం ఆ పొరపాటే జరిగింది. గుహలో ఏ ఎముకలు దొరికితే ఆ కాలంలో చుట్టుపక్కల ఆ జంతువులే ఉన్నాయని రాసేశారు. తినేవాడికి తన రుచి ఉంటుంది, తన వేట వేళ ఉంటుంది, మింగగలిగిన సైజు ఉంటుంది. పగలు తిరిగే ఉడతలు గుడ్లగూబ ఉండలో అరుదుగా పడతాయి. అంతమాత్రాన సికింద్రాబాద్‌లో ఉడతలు లేవంటామా?

బిలస్వర్గంలో ఎవరి విస్తరి?

తెలుగునేల మీద ఈ ప్రశ్నకు అన్నిటికంటే పెద్ద చిరునామా నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గరి సున్నపురాతి గుహలు. సికింద్రాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైట్. అది చివికి తయారయ్యే ఎర్రనేలలో చిన్న ఎముకలు ఎక్కువకాలం నిలవవు. సున్నపురాయి గుహలో సున్నం ఎముకను కాపాడుతుంది. స్థానికులు బిలస్వర్గం అనే ఆ చోటు ఇంగ్లీషు కాగితాల్లో 'బిల్ల సుర్గం' అయింది. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ అక్కడ ఎముకలున్నాయని మొదట రాశాడు. నలభై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత లండన్‌లో ఉన్న థామస్ హక్స్‌లీ సలహాతో మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్ ఆ గుహలు తవ్వించాలనుకున్నాడు. ఆ పని రాబర్ట్ బ్రూస్ ఫుట్ చేతికొచ్చింది. 1863లో పల్లవరంలో రాతిగొడ్డలి పట్టుకుని భారత పూర్వచరిత్రకు తెర తీసిన మనిషి ఆయన. 1884, 85ల్లో ఫుట్, ఆయన కొడుకు లెఫ్టినెంట్ హెన్రీ ఫుట్ కలిసి తవ్వారు. గుహలకు 'కెథీడ్రల్', 'పర్గెటరీ', 'చార్నెల్ హౌస్' అని పేర్లు పెట్టారు. చివరిదానికి అర్థం ఎముకల కొట్టు. ఊరివాళ్లు స్వర్గమన్న చోటును దొరలు స్వర్గానికీ నరకానికీ మధ్య ఉండే మజిలీ చేశారు.

ఆ ఎముకల్ని రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి 1886లో జాబితా ప్రకటించాడు. ఖడ్గమృగం, హైనా, ఏదుపంది లాంటి పెద్దపేర్లు అందరి దృష్టీ లాగాయి. కర్నూలు పేరు మీదే 'రైనోసెరస్ కర్నూలియెన్సిస్' అని ఒక ఖడ్గమృగానికి నామకరణం కూడా జరిగింది. అదే జాబితాలో గబ్బిలాలు, చుంచు, పందికొక్కు, మన మెత్తడె కూడా ఉన్నాయి. వాటిని ఎవరు అక్కడికి తెచ్చారన్నది అప్పుడు పెద్దగా ఎవరికీ తట్టలేదు. గబ్బిలాలు అక్కడే కాపురముండి అక్కడే రాలి ఉండొచ్చు. పొలంలో బొరియ చేసుకుని బతికే మెత్తడెకు గుహ లోపల ఏం పని? దాన్ని ఎవరో పట్టి తెచ్చారు. గుహ పైకప్పు అంచున రాత్రుళ్లు కూర్చునే పక్షి మీదికే మొదటి అనుమానం పోతుంది.

ఫుట్ దృష్టి వేరే చోట ఉంది. కొన్ని ఎముకలు మనిషి చెక్కిన పనిముట్లలా ఉన్నాయని, ఫ్రాన్స్‌లోని పాతరాతియుగపు మాగ్దలేనియన్ గుహల పనిముట్లను పోలి ఉన్నాయని ఆయన నమ్మాడు. జాబితాలో ఏదుపంది, హైనా రెండూ ఉన్న చోట ఆ మాటను కాస్త ఆగి చదవాలి. ఏదుపంది ఎముకల్ని గుహలోకి మోసుకొచ్చి పళ్లు అరగదీసుకోవడానికి గీకుతుంది. వెడల్పాటి గాట్లు పక్కపక్కనే సమాంతరంగా పడతాయి, అచ్చం ఉలితో చెక్కినట్టు. హైనా నమిలి వదిలిన కాలి ఎముక మొనదేలి బాణంలా కనిపిస్తుంది. మనిషి పనితనాన్ని చూడాలన్న తహతహ ఎక్కువైనప్పుడు పన్ను గాటు ఉలి గాటైపోతుంది.

ఈ అనుమానం ఫుట్ ఒక్కడి విషయంలోనే అయితే సరిపోయేది. దక్షిణాఫ్రికాలో రేమండ్ డార్ట్ గుహల్లోని విరిగిన ఎముకలన్నీ ఆదిమ మానవుల ఆయుధాలని దశాబ్దాల పాటు వాదించాడు. సి.కె. బ్రెయిన్ అనే ఆయన స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరికిన ఒక పిల్ల ఆదిమానవుడి పుర్రె తీసుకున్నాడు. దాని వెనక రెండు రంధ్రాలున్నాయి. అదే చోట దొరికిన చిరుతపులి దవడ తెచ్చి ఆనించి చూస్తే కోరలు ఆ రంధ్రాల్లో కూర్చున్నాయి. వేటగాడనుకున్నవాడు వేటైపోయాడు. 1924లో దొరికి డార్ట్‌కు పేరు తెచ్చిన టాంగ్ పిల్లాడి పుర్రెకూ అదే గతి. అది గద్దజాతి పెద్దపక్షి పని అని లీ బర్గర్, రాన్ క్లార్క్ 1995లో మొదలుపెట్టిన వాదన కంటిగుంటల్లోని గాట్లతో 2006 నాటికి గట్టిపడింది.

బిలస్వర్గం కథ ఫుట్‌తో ఆగలేదు. తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎం.ఎల్.కె. మూర్తి 1970ల్లో అదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిని తవ్వారు. ఆ గవిలో దొరికిన మరికొన్ని వెన్నెముక జీవుల అవశేషాల మీద రాజీవ్ పట్నాయక్, జి.ఎల్. బాదాం, మూర్తి కలిసి 2008లో వ్యాసం ప్రచురించారు. 2014లో ప్యాట్రిక్ రాబర్ట్స్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. బిలస్వర్గంలో గుర్తించిన 21 క్షీరద జాతుల్లో 20 కనీసం లక్ష ఏళ్లుగా ఉపఖండంలో కొనసాగుతున్నాయని, కొన్నిటి జాడ రెండు లక్షల ఏళ్ల వెనక్కి పోతుందని చెప్పింది. మంచుయుగంలో అమెరికా, ఆస్ట్రేలియాల్లో పెద్దజంతువులు కుప్పకూలిపోతే ఇక్కడివి నిలదొక్కుకున్నాయి.

ఇంకా వెనక్కి పోవాలంటే సికింద్రాబాద్ నుంచి వికారాబాద్ వైపు రైలెక్కితే చాలు. ఆ వైపే నస్కల్ ఉంది. లావా పొరల మధ్య ఇరుక్కున్న పాత చెరువు మట్టిని జల్లెడ పట్టి, అందులో దొరికిన గుండుసూది తలంత పళ్ల ఆధారంగా 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 'దక్కనోలెస్టిస్' అనే చిట్టి క్షీరదాన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. వయసు ఆరున్నర కోట్ల ఏళ్లకు పైమాట. గుడ్లగూబల శిలాజాలు కనబడేది అంతకు లక్షల ఏళ్ల తర్వాతే. ఆ చెరువులో మొసళ్లు మాత్రం ఉండేవి. మొసలి కడుపు చేసే పని ఏమిటో డేనియల్ ఫిషర్ 1981లో చూపించాడు. అది ఎనామిల్‌ను పూర్తిగా ఒలిచేసి లోపలి డెంటిన్‌ను మాత్రం బయటికి పంపుతుంది. పాత చెరువు మట్టిలో ఎనామిల్ లేని పన్ను కనబడితే మొసలి పేరు తలుచుకునేది అందుకే.

మళ్లీ మారేడుపల్లి గోడ దగ్గరికి వస్తే, ఆ కన్నంలోని పక్షికి ఇప్పుడు రెండు గండాలు. ఒకటి పాతదే. ఇంటి మీద గూబ అరిస్తే కీడని రాళ్లు విసరడం, దీపావళి వస్తే క్షుద్రపూజల పేరుతో పట్టి అమ్మడం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చి ఇన్నేళ్లవుతున్నా ఆ బేరం ఆగలేదు. లక్ష్మీదేవి వాహనాన్ని లక్ష్మీపూజ రోజునే బలివ్వడంలోని తర్కం ఎవరికి అందుతుందో! రెండోది కొత్తది, కిరాణా కొట్లో దొరికే ఎలుకల మందు. మందు తిన్న ఎలుక వెంటనే చావకుండా రెండు మూడు రోజులు తూలుతూ తిరుగుతుంది. తూలే ఎలుకే గుడ్లగూబకు తేలిగ్గా దొరుకుతుంది. ఆ విషం ఎముక మీద ఏ గీతా గీయదు.

ఎవరూ ఊడ్చకుండా వదిలేసిన ఉండలో వారం తిరక్కుండా బట్టల పురుగులు చేరతాయి. చీరలు కొరికే పురుగుల జాతే అది, ఇక్కడ ఎలుక బొచ్చు తింటుంది. బొచ్చు పోయాక ఉండ కుంగి, సన్నటి ఎముకల చిన్న గుట్ట మిగులుతుంది. జూన్‌లో మొదటి వాన గట్టిగా పడితే ఆ గుట్ట చెదిరి, పక్కటెముకలు తేలి, దవడలు బరువుకు ఆగి, నారింజరంగు ముందుపళ్లు రెండు మోరీ అంచున సిమెంటు పగులులో ఇరుక్కుంటాయి.